చెన్నప్ప నాయకుడు, చెన్నకేశవ గుడి, హైకోర్టు స్థలం: కరపత్రంలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

వేపేరి వెంకట్:

ఆగస్టులో మద్రాసు దినం వారంలో ఇక్కడి తెలుగువాళ్ల కోసం హైకోర్టు, జార్జిటౌన్ చుట్టూ ఓ నడక పెడుతున్నాం. 20 మంది దాకా వస్తారు, రెండున్నర గంటలు. చేతికివ్వడానికి ఒక పేజీ కరపత్రం కావాలి. నేను రాసుకున్న ముసాయిదా ఇది:

"1639లో దామెర్ల చెన్నప్ప నాయకుడు మద్రాసును ఇంగ్లీషువాళ్లకు అమ్మాడు. ఆయన పేరు మీదే ఇది చెన్నపట్నం అయింది. 1862లో హైకోర్టు భవనం కట్టడానికి అక్కడున్న చెన్నకేశవస్వామి గుడిని పడగొట్టారు. లండన్ తరవాత ప్రపంచంలో ఇంత పెద్ద కోర్టు సముదాయం లేదు. 1914లో ఎమ్డెన్ నౌక పేల్చిన గుండు హైకోర్టు దీపస్తంభానికి తగిలింది."

ఇందులో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి. ఏ వరసలో నడిస్తే బాగుంటుందో, ఏవి బయటినుంచే చూడొచ్చో కూడా చెబితే మేలు.

పాత దస్తావేజు:

వెంకట్ గారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. ఐదు వాక్యాల్లోనూ ఏదో ఒక ఇబ్బంది ఉంది. మొదటిదే చూద్దాం, అసలు గొడవంతా అక్కడే.

చెన్నప్ప ఏమీ ఇవ్వలేదు, అమ్మలేదు. ఇచ్చినవాడు ఆయన కొడుకు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఇంగ్లీషు కాగితాల్లో వేంకటప్ప అని కూడా కనిపిస్తాడు. వందవాసి నుంచి పాలించేవాడు. తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండి తీరప్రాంతం వ్యవహారాలు చూసుకునేవాడు. వీళ్ల పైన చంద్రగిరి రాయలు, అంటే తళ్లికోట తరవాత మిగిలిన విజయనగరపు ఆరవీటి వంశం. అయ్య పేరు ఊరికి పెట్టింది కొడుకులు. చెన్నప్ప సంతకం చేసినట్టు రాస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే.

రెండోది, అది అమ్మకం కాదు, కౌలు. కంపెనీ తరఫున బేరమాడింది ఫ్రాన్సిస్ డే. అప్పట్లో నెల్లూరు తీరంలోని ఆర్మగాన్‌లో, మన దుగరాజపట్నంలో, వాళ్లకో చిన్న కొట్టిడి ఉండేది. అక్కడ బట్టల వ్యాపారం సరిగ్గా సాగక దక్షిణంగా చోటు వెతుక్కుంటూ వచ్చారు. కౌలులో ముఖ్యమైనవి నాలుగు మాటలు: మద్రాసుపట్నంలో రెండేళ్లపాటు పాలనాధికారం కంపెనీది. ఆ తరవాత రేవు సుంకంలో, రాబడిలో సగం కంపెనీకి, సగం నాయకుడికి. కంపెనీ సరుకుకు ఆ రేవులో సుంకం లేదు. నాణేలు ముద్రించుకోవచ్చు. సగం వాటా నాయకుడు తన దగ్గరే ఉంచుకున్నాక ఇక అమ్మకం ఎక్కడిది?

కౌలులో ఇంకో తమాషా ఉంది. కోట నాయకుడే కట్టించి ఇస్తాడని ఇంగ్లీషు ప్రతిలో ఉంది. తీరా వీళ్లు సామాను దింపుకున్నాక, నేను అలా అనలేదన్నాడు నాయకుడు. ఖర్చు కంపెనీ నెత్తిన పడింది, డే మీద పైవాళ్ల అక్షింతలూ పడ్డాయి. మీ నడకలో చెప్పడానికి ఇంతకన్నా మంచి సంగతి దొరకదు.

తేదీ దగ్గర జాగ్రత్త. దొరికిన ప్రతుల మీద 22 జులై 1639 అని ఉంటుంది. కాని డే మద్రాసుపట్నం వైపు వచ్చిందే జులై నెలాఖరులో. అందుకే రాసినవాడు నెల పొరబడ్డాడని, అది ఆగస్టు 22 అయి ఉంటుందని చరిత్రకారులు సర్దారు. మనం చేసుకునే మద్రాసు దినం ఆ సర్దుబాటు మీద నిలబడిందే. ఇంకో ఉచ్చు: అప్పటి ఇంగ్లీషువాళ్ల సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కంపెనీ అధికారి కోగన్, డే తమ మనుషులతో ఇక్కడ దిగింది మన లెక్కన 20 ఫిబ్రవరి 1640. వాళ్ల లెక్కలో అదింకా 1639. ఈ తేడా తెలియక ఒకే సంఘటనకు రెండేళ్లు వేసిన బోర్డులు చాలా చూస్తాం. పైగా 1752 దాకా వాళ్లది జూలియన్ పంచాంగం, 1639 నాటికి మన ఇప్పటి క్యాలెండరుకు 10 రోజులు వెనక. కరపత్రంలో ఇదంతా అక్కర్లేదు. ఎవరైనా అడిగితే జవాబు మీ దగ్గర ఉండాలి, అంతే.

ముత్యాలపేట వాసి:

పైన చెప్పింది సరే. కాని ఊరి పేరు చెన్నప్ప నుంచి వచ్చిందన్నది తిరుగులేని మాటలా రాయకండి. చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి వచ్చిందనే వాదన కూడా గట్టిదే. రెండువైపులా ఆధారాలు చూడండి.

నాయకుల వైపు ఉన్న ఆధారం మన తెలుగులోనే ఉంది. చెన్నప్ప ఇంకో కొడుకు దామెర్ల అంకభూపాలుడు ఉషాపరిణయం అనే కావ్యం రాశాడు. ప్రళయకావేరికీ, మైలాపూరుకీ నడుమ అన్న అయ్యప్ప తమ తండ్రి పేర చెన్నపట్నం కట్టించాడని అందులో చెప్పుకున్నాడు. ప్రళయకావేరి అంటే పులికాట్, అక్కడ డచ్చివాళ్లు. మైలాపూరు పక్కన శాంతోంలో పోర్చుగీసులు. ఈ ఇద్దరి కొట్లాటలు ఆపడానికి నడుమ ఊరు వేశారట. సొంత కుటుంబం వాడే చెప్పిన మాట కాబట్టి విలువుంది. సొంత కుటుంబం వాడే కాబట్టి కాస్త పొగడ్తా ఉంటుంది. రెండూ గుర్తుంచుకోవాలి.

గుడి వైపు ఆధారం 1646 నాటి దస్తావేజు. కంపెనీకి తుపాకిమందు తయారుచేసే నాగబట్టన్ చెన్నకేశవ పెరుమాళ్ గుడికి రాసిచ్చింది. 1648లో కంపెనీ దుబాసీ (బేరాల్లో నడిమి మనిషి) బేరి తిమ్మన్న కూడా ఆ గుడి విషయంలో రాసిన పత్రముంది. గమనించాల్సింది ఏమిటంటే, గుడి గురించి దొరికే తొలి కాగితం కౌలు కన్నా ఏడేళ్లు తరవాతది. అప్పటికే చెన్నపట్నం పేరు వాడుకలో ఉంది.

నాకు తేల్చే ఆధారంలా అనిపించేది గుళ్ల పేర్లే. ఇప్పుడు పూలబజారులో పక్కపక్కనే ఉన్నవి రెండు, చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరుడు. విష్ణువుకూ శివుడికీ ఇద్దరికీ ముందు అదే చెన్న. ఊరి పేరే దేవుళ్లకు తగిలించారనడానికి ఇది బాగా సరిపోతుంది. కాని చెన్ను అంటే తెలుగులో, కన్నడంలో అందం. మార్కాపురంలో చెన్నకేశవుడున్నాడు, బేలూరులో ఉన్నాడు. కన్నడ వచనాల్లో చెన్నమల్లికార్జునుడు ఉండనే ఉన్నాడు. అక్కడ ఏ చెన్నప్ప నాయకుడూ లేడు. కాబట్టి ఆ ఆధారం కూడా పూర్తిగా నిలవదు.

"చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. చెన్నకేశవ గుడి నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు." ఇలా రెండు వాక్యాలు రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇంకో పేరు కూడా ఉండేది, జనం మరిచిపోయారు. 1645లో శ్రీరంగరాయలు కంపెనీకి మళ్లీ కౌలు ఇచ్చినప్పుడు ఊరిని శ్రీరంగరాయపట్నం అన్నాడు. ఎవరూ పలకలేదు, పోయింది. రాజు పెట్టిన పేరు కన్నా నాయకుడి అయ్య పేరే నోట నానింది.

సున్నం గచ్చు:

భవనం సంగతి నేను చూస్తాను. ముసాయిదాలో 1862 అన్నది కోర్టు పుట్టిన సంవత్సరం, భవనానిది కాదు. విక్టోరియా రాణి అధికారపత్రం 26 జూన్ 1862. హైకోర్టు మొదలైంది అదే ఏడు ఆగస్టు 15న. అంతకుముందు మద్రాసులో ఉన్న సుప్రీంకోర్టునూ, కంపెనీ అప్పీళ్ల కోర్టు సదర్ అదాలత్‌నూ కలిపేసి దీన్ని చేశారు. ఆ తరవాత 30 ఏళ్లు కోర్టు నడిచింది బీచి రోడ్డులోని బెంటింక్ భవనంలో. ఆ భవనం ఇప్పుడు లేదు. ఆ చోట కలెక్టరు ఆఫీసు సింగారవేలర్ మాళిగై ఉంది. మీ నడకలో దారిలోనే తగులుతుంది కాబట్టి వేలు పెట్టి చూపించండి.

ఎర్ర భవనం పని 1888 అక్టోబరులో మొదలై 12 జులై 1892న తెరుచుకుంది. గవర్నర్ వెన్‌లాక్ చేతులమీదుగా ప్రధాన న్యాయమూర్తి ఆర్థర్ కాలిన్స్ తాళాలు అందుకున్నాడు. నమూనా మొదట గీసింది బ్రాసింగ్టన్. తరవాత హెన్రీ ఇర్విన్ చేతిలోకి వెళ్లి మారింది. స్టీఫెన్స్ దగ్గరుండి కట్టించాడు. అందుకే ఎవరు కట్టారంటే ఒక్క పేరు చెప్పడం సరికాదు. ఖర్చు సుమారు 13 లక్షల రూపాయలు, మొదటి అంచనాకు మించి.

తెలుగువాళ్ల నడక కాబట్టి ఈ పేరు వదలకండి: కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. కోమటి కుటుంబం, ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది. హైకోర్టే కాదు, పక్కనున్న పాత లా కాలేజీ భవనం, ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ, విక్టోరియా మెమోరియల్ హాలు కూడా ఆయన చేతి పనులే. గోడ మీద గవర్నరు పేరు చెక్కుతారు, ఇటుక పేర్చినవాడి పేరు చెక్కరు.

మీ వాక్యంలో అన్నిటికన్నా పెద్ద తప్పు, కోర్టు కోసం గుడి పడగొట్టారన్నది. రెంటికీ మధ్య 131 ఏళ్లు. గుడి పోయింది 1757లో. కారణం కోర్టు కాదు, ఫిరంగులు. అప్పటి నల్లఊరు, అంటే ఇక్కడి జనం ఉండే బ్లాక్ టౌన్, ఇంగ్లీషువాళ్ల సెయింట్ జార్జి కోట ఉత్తర గోడకు ఆనుకుని, ఇప్పటి హైకోర్టు, పాత లా కాలేజీ భవనం ఉన్న నేలంతా పరుచుకుని ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్లు కోట పట్టుకున్నారు, 1749లో తిరిగిచ్చారు. కోటకు ఆనుకుని ఇళ్లుంటే శత్రువు వాటి చాటున దాక్కుంటూ వచ్చి గోడ కింద నిలబడగలడని అప్పుడు తెలిసొచ్చింది. కోట మీంచి కాల్చడానికి ఎదురుగా బయలు కావాలి. ఫ్రెంచివాళ్లు తాము పట్టుకున్నప్పుడే కొంత కూల్చారు, మిగిలింది ఇంగ్లీషువాళ్లు నేలమట్టం చేశారు. గుడి అందులోనే పోయింది. సరిగ్గా మరుసటి ఏడాది చివర్లో ఫ్రెంచి సేనాని లాలీ సైన్యం వచ్చి కోటను ముట్టడించింది కూడా. అంటే వాళ్ల భయం ఊరికే కాదు.

జనం పడమటికీ ఉత్తరానికీ, పెద్దనాయకన్‌పేటకూ ముత్యాలపేటకూ జరిగారు. పెద్దనాయకన్‌పేటలోని పెద్దనాయకుడు ఊరి కావలి పెద్ద, తలారుల మీద అధికారి. ఆ పదవి పేరే పేటకు మిగిలింది. గుడి బదులు స్థలం ఇచ్చారు. గవర్నర్ పిగట్ దగ్గర దుబాసీగా ఉన్న మణలి ముత్తుకృష్ణ మొదలియారు సొంత డబ్బూ, ఊరివాళ్ల చందాలూ కలిపి 1760లలో జంట గుళ్లు కట్టించాడు. ఇప్పటికీ చుట్టుపక్కలవాళ్లు పట్టణం గుడి అనే అంటారు. ఖాళీ చేసిన బయలులో మళ్లీ ఇళ్లు వేయకుండా 1773లో ఆరు హద్దురాళ్లు పాతారు. వాటిలో ఒక్కటి ప్యారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర మిగిలింది. నూరేళ్లకు పైగా బయలుగా పడివున్న నేల మీద తరవాత కోర్టు లేచింది. కాబట్టి "గుడి ఉండిన స్థలంలో" అని రాయండి, "గుడిని కూల్చి" వద్దు, "గుడి మీద" అసలే వద్దు.

లండన్ తరవాత అంత పెద్దదన్న మాట ఇంటర్నెట్‌లో ప్రతిచోటా ఉంది. దేన్ని కొలిచి అన్నారు? హాళ్ల లెక్కా, గజాల లెక్కా? కొలత చెప్పని గొప్ప కరపత్రంలో ఎందుకండీ, కొట్టెయ్యండి.

వేపేరి వెంకట్:

అమ్మో, ఐదిట్లో మూడు పోయాయి. ఎమ్డెన్ సంగతి కూడా చెప్పెయ్యండి. మరి దీపస్తంభాలు ఆవరణలో రెండున్నాయంటారే, అదెలా?

సున్నం గచ్చు:

జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ వచ్చింది 22 సెప్టెంబరు 1914 రాత్రి, తొమ్మిది దాటాక. సుమారు 130 గుండ్లు పేల్చింది. గురి రేవు దగ్గరి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు, అవి అంటుకున్నాయి. హైకోర్టు దగ్గర దెబ్బ తిన్నది ప్రహరీ గోడ. అక్కడ గుర్తుగా పలక ఉంది. దీపస్తంభానికి ఏమీ కాలేదు. తమిళంలో జిత్తులమారిని ఎమ్డెన్ అనడం అప్పటినుంచే.

దీపస్తంభాలు ఆవరణలో రెండన్నది నిజం. వరస చెబుతా. మద్రాసుకు మొట్టమొదటి దీపం 1796లో కోటలో, ఇప్పటి మ్యూజియం భవనం కప్పు మీద. రెండోది 1844లో వెలిగింది. కోర్టు ఆవరణలో విడిగా నిలబడి ఉన్న రాతి స్తంభం ఇదే, పల్లావరం రాయి, గ్రీకు గుడి స్తంభంలా ఉంటుంది. అంటే ఇది కోర్టు భవనం కన్నా దాదాపు 50 ఏళ్లు పెద్దది. 1892లో పక్కనే అంతకన్నా ఎత్తైన గోపురం లేచాక ఆ రాతి స్తంభం మీద దీపం ఉండి లాభం ఏముంది? అందుకని 1 జూన్ 1894 నుంచి దీపాన్ని కోర్టు పెద్ద గోపురం మీదికి మార్చారు. ఆ గోపురం 175 అడుగులు. అది 1977 దాకా వెలిగింది. తరవాత మెరీనాలో ఇప్పుడున్న నాలుగోది వచ్చింది. కాబట్టి మీవాళ్లు రాతి స్తంభాన్ని చూపించి ఎమ్డెన్ అంటే ఆపండి. 1914లో దానిమీద దీపమే లేదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఎప్పుడూ గోపురాలు చూస్తారు. లోపలికి వెళ్లే వీలుంటే 13వ నంబరు కోర్టు హాలు కప్పు చూడమనండి. రంగులద్దిన పలకలు, చెక్కపని, రంగుటద్దాలు, పనితనమంతా అక్కడ కుమ్మరించారు. కారిడార్‌లో టి. ముత్తుస్వామి అయ్యర్ పాలరాతి విగ్రహం ఉంది. ఈ హైకోర్టుకు తొలి భారతీయ జడ్జి. కాళ్లు చూడండి, చెప్పుల్లేవు.

వకీలు గుమాస్తా:

ఇది ప్రశ్నలో లేదు, అయినా తెలుగువాళ్ల నడక అంటున్నారు కాబట్టి. గంజాం నుంచి నెల్లూరు దాకా, కడప, కర్నూలు, బళ్లారి కూడా, మన జిల్లాల అప్పీళ్లన్నీ ఈ ఎర్ర భవనానికే వచ్చేవి. 1 అక్టోబరు 1953న ఆంధ్ర రాష్ట్రం వచ్చినా కోర్టు వెంటనే విడిపోలేదు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది 5 జులై 1954న. ఆ తొమ్మిది నెలలూ ఆంధ్ర కేసులు మద్రాసులోనే నడిచాయి. గుంటూరులో మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, ఇక్కడ జడ్జిగా ఉండి వెళ్లినవారే. 1956 నవంబరులో అది హైదరాబాదుకు, 1 జనవరి 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతికి. ఇక్కడేమో 1948 నుంచి 1961 దాకా ప్రధాన న్యాయమూర్తి పాకాల వేంకట రాజమన్నారు, తెలుగువారే.

నడకకు వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు మా ముత్తాత భూమి దావా ఇక్కడే నడిచిందట, దొరుకుతుందా అని తప్పకుండా అడుగుతారు. జవాబు ఇది. తీర్పులన్నీ అచ్చు కాలేదు, కొత్త న్యాయసూత్రం తేల్చినవే అచ్చయ్యాయి. 1862 నుంచి 1875 దాకావి మద్రాసు హైకోర్టు రిపోర్ట్స్‌లో ఉంటాయి. 1876 నుంచి ఐఎల్ఆర్ (ఇండియన్ లా రిపోర్ట్స్) మద్రాసు సంపుటాలు. పాత కాగితం మీద "22 మద్రాసు 398" లాంటిది కనిపిస్తే ముందుది సంపుటం, వెనకది పుట. 22ను సంవత్సరం అనుకుని 1922లో వెతికి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. అచ్చుకాని కేసుకు నంబరూ, ఏడాదీ, రకమూ మూడూ కావాలి. ఎ.ఎస్. అంటే మొదటి అప్పీలు, ఎస్.ఎ. అంటే రెండో అప్పీలు. ఎస్.ఎ. 214 ఉంటుంది, ఎ.ఎస్. 214 వేరే ఉంటుంది. అక్షరాలు తారుమారైతే వేరే ఊరి వేరే కేసు చేతికొస్తుంది.

పేర్లతో వెతికితే స్పెల్లింగు చంపుతుంది. వెంకట అన్నదాన్ని ఒక గుమాస్తా కె పెట్టి రాస్తే ఇంకొకడు సి పెట్టేవాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, చాలాచోట్ల పొడి అక్షరం మాత్రమే. జిల్లా కూడా అప్పటి పటం ప్రకారం చూడాలి. గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడింది 1904లో. దానికి ముందు గుంటూరు, తెనాలి, నరసరావుపేట దావాలు కృష్ణా జిల్లా కింద ఉంటాయి. ఇంటి దగ్గర పాత ట్రంకుపెట్టెలో డిక్రీ నకలు ఉందేమో ముందు చూడమనండి. దాని పై మూలలోనే కింది కోర్టు నంబరూ పై కోర్టు నంబరూ రెండూ ఉంటాయి. అది లేకుండా ఇంతదూరం రావడం దండగ.

కోట గుమ్మం:

నడక వరస సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను చెబుతా.

హైకోర్టు మెట్రో స్టేషన్లో దిగండి, సెంట్రల్ తరవాతి స్టేషను. పొద్దున 7కి మొదలుపెట్టండి. 9 దాటితే ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో 20 మందిని ఒకచోట నిలబెట్టడం తలకు మించిన పని. పూలబుట్టలు, తోపుడుబళ్లు, బస్సులు. ముందు ప్యారిస్ కార్నర్‌కు వెళ్లి హద్దురాయి చూపించండి. ఊరు కూల్చిన సంగతి అక్కడే చెప్పాలి. ఎందుకంటే ఆ మూల నిలబడి దక్షిణంగా చూస్తే కోర్టు, దాని వెనక కోట. ఎంత బయలు కావాలన్నారో కంటికి తెలుస్తుంది. ప్రకాశం పంతులు గారి మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 3 ఫిబ్రవరి 1928న సైమన్ కమిషన్ మీద హర్తాళ్ జరిగినప్పుడు పోలీసులు కాల్పులు జరిపింది ఈ పరిసరాల్లోనే. తుపాకుల ముందు చొక్కా తెరిచి నిలబడ్డది ఇక్కడే. ఈ కోర్టులోనే బారిస్టరుగా వెలిగిన మనిషి.

అక్కడినుంచి పడమటికి బోస్ రోడ్డు వెంట నడిచి దేవరాజ మొదలి వీధిలో జంట గుళ్లు. గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి దీన్ని చివరికి పెట్టుకోవద్దు. వెనక్కి వచ్చేటప్పుడు హైకోర్టు, పాత లా కాలేజీ భవనం. పాత లా కాలేజీ ఆవరణలో స్తంభంలాంటి పాత సమాధి ఒకటి ఉంది. గవర్నర్ ఎలీహు యేల్ చిన్న కొడుకు డేవిడ్‌నీ, యేల్ భార్య మొదటి భర్త జోసెఫ్ హిన్మర్స్‌నీ అక్కడే పూడ్చారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చింది ఈ యేలే. పిల్లలతో వచ్చేవాళ్లకు ఇది నచ్చుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కోర్టు ఆవరణ పార్కు కాదు. 2015 నుంచి కాపలా కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్ చేతిలో ఉంది, గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు. ఫలానా తేదీ ఇంతమంది వస్తాం అని రిజిస్ట్రార్ జనరల్ పేర ముందుగా అర్జీ పెట్టి, రాతలో అనుమతి తీసుకోండి. అందరి పేర్లూ కార్డు నంబర్లూ జాబితాగా జతపరచండి. నోటిమాట అనుమతి గేటు దాకా రాదు. అది దొరక్కపోతే లోపల అనుకున్నవన్నీ తీసేసి కోటకు నడిపించండి. కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసి రోజు పెట్టుకోండి.

ఒక చిన్న సంగతి. ఏటా సాధారణంగా నవంబరులో ఒక శనివారం రాత్రి 8 నుంచి ఆదివారం రాత్రి 8 దాకా ఈ ఆవరణ గేట్లన్నీ మూసేస్తారు, జడ్జీలూ వకీళ్లూ సహా ఎవరికీ ప్రవేశం లేదు. ఆవరణ గుండా అటూఇటూ నడిచే జనం రేపు ఇది మా దారి అని అనుభవ హక్కు అడగకుండా, స్థలం కోర్టుదేనని చాటడానికి. ఇంత పెద్ద న్యాయస్థానం తన దారి హక్కును తనే ఏడాదికోసారి తాళం వేసి కాపాడుకుంటుంది. ఆగస్టులో మీకు అడ్డం రాదు. కథగా మాత్రం చెప్పండి.

ముత్యాలపేట వాసి:

ఇంకొక్కటి, వింటుంటే ఎవరైనా అడుగుతారు. ఊరు 1996లో చెన్నై అయింది కదా, కోర్టింకా మద్రాసు హైకోర్టే ఎందుకని. దాని పేరు రాణి అధికారపత్రం నుంచి వచ్చింది. రాష్ట్రం ఊరి పేరు మార్చినంత సులువుగా అది మారదు, పార్లమెంటు చట్టం కావాలి. 2016లో కలకత్తా, బొంబాయి, మద్రాసు మూడిటికీ కలిపి బిల్లు లోక్‌సభలో పెట్టారు, చట్టం కాలేదు. తమాషా చూడండి. కౌలులో ఉన్న మద్రాసుపట్నం పేరు కోర్టుకు మిగిలింది. కౌలులో లేని చెన్నప్ప పేరు ఊరికి మిగిలింది.

వేపేరి వెంకట్:

అందరికీ దండాలు. ఇలా మార్చాను, చూడండి:

"1639లో వందవాసి పాలకుడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు మద్రాసుపట్నాన్ని ఈస్టిండియా కంపెనీకి కౌలుకిచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేర చెన్నపట్నం వచ్చిందని ఎక్కువమంది మాట. చెన్నకేశవస్వామి గుడి నుంచి వచ్చిందనే మాటా ఉంది. ఆ గుడి ఇప్పటి హైకోర్టు స్థలంలో ఉండేది. కోట ఎదుట బయలు కోసం 1757లో కూల్చారు. 1760లలో పూలబజారులో మళ్లీ కట్టారు. హైకోర్టు 1862లో మొదలైంది, ఈ భవనం 1892లో. కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. 1914లో ఎమ్డెన్ గుండు ప్రహరీకి తగిలింది."

పాత దస్తావేజు:

బాగుంది. "పాలకుడు" తీసి "నాయకుడు" అనే ఉంచండి, పైన రాయలున్నాడు కదా. వేంకటాద్రి పక్కన "వేంకటప్ప అని కూడా" అని ఒక్క మాట చేర్చండి. లేకపోతే కోట మ్యూజియంలో ఇంకో పేరు కనబడి ఇద్దరు మనుషులనుకుంటారు. ముద్రించే ముందు 1639ని ఒకసారి అచ్చులో సరిచూసుకోండి. మొన్న ఒక బోర్డు మీద 1693 అని పడివుంది.